ఆ మ్యాప్ ఏ పేజీలో ఉందో ఇప్పటికీ గుర్తే

మొదటిసారి నేను పోటీ పరీక్షలో తొలి దశ అయిన ప్రిలిమ్స్ దాటలేదు. ఆ ఏడాదంతా కరెంట్ అఫైర్స్ ఫోన్‌లోనే చదివాను. పీడీఎఫ్‌లు, రోజువారీ క్విజ్‌లు, నెలవారీ మ్యాగజైన్లు... డౌన్‌లోడ్ చేసుకున్నవాటికి లెక్కే లేదు. తీరా హాల్లో ప్రశ్న చూస్తే 'ఇదెక్కడో చదివానే' అనిపించేది. అంతకుమించి ఒక్క ముక్క గుర్తొచ్చేది కాదు.

రెండోసారికి అచ్చు పేపర్‌కి మారాను. పెద్ద ప్లాన్ ఏమీ లేదు, కళ్లు మండుతుంటే మారానంతే. ఎర్ర సముద్రంలో దాడుల వల్ల నౌకలు ఆఫ్రికా దక్షిణాన ఉన్న కేప్ ఆఫ్ గుడ్ హోప్ చుట్టూ తిరిగి వెళ్తున్న రోజులవి. ఎడమవైపు పేజీలో, కింది మూలన, రెండు కాలమ్‌ల వెడల్పున చిన్న మ్యాప్ వేశారు. ఆ దారిని పెన్సిల్‌తో గీశాను. ఎర్ర సముద్రాన్ని ఏడెన్ సింధుశాఖతో కలిపే బాబ్ ఎల్ మండెబ్ జలసంధి దగ్గర ఒక చుక్క పెట్టాను. ఫోన్‌లో ఆ పేరు ఎన్నోసార్లు చూసినా నిలవలేదు. ఆ చుక్క పెట్టాక ఇక మర్చిపోలేదు. ఇప్పటికీ ఆ పేరు వింటే ముందు ఆ పేజీ మూలే కళ్ల ముందుకొస్తుంది.

ఇంకో సంగతి. ఫోన్‌లో హెడ్డింగులన్నీ ఒకే సైజు. పేపర్లో అలా కాదు. ఏది పతాక శీర్షిక కావాలో, ఏది లోపలి పేజీలో సింగిల్ కాలమ్‌కి సరిపోతుందో డెస్క్‌లో ఎవరో ఆలోచించి పెడతారు. వాళ్ల నిర్ణయం నాకు నచ్చని రోజులూ ఉన్నాయి. ఏడో పేజీలో ఒక మూలకి నెట్టేసిన కమిటీ నివేదిక మొదటి పేజీలో ఉండాల్సిందని గట్టిగా అనిపించింది. ఎందుకు ఉండాలో నోట్‌బుక్‌లో ఐదు వాక్యాలు రాసుకున్నాను. మెయిన్స్‌కి (ప్రిలిమ్స్ దాటాక ఉండే రాత పరీక్ష) జవాబు రాయడం నాకు నిజంగా అక్కడే మొదలైంది.

వార్త రాసే పద్ధతి తెలిస్తే సమయం బాగా కలిసొస్తుంది. ముఖ్యమైనది పైన, నేపథ్యం కింద రాస్తారు. చోటు చాలకపోతే కింది నుంచి కత్తిరించడానికి అది వీలు. ప్రిలిమ్స్‌కి మొదటి రెండు పేరాలు చాలావరకు సరిపోతాయి. మెయిన్స్‌కి కావలసింది మాత్రం మనం వదిలేసే ఆ చివరి పేరాల్లోనే ఉంటుంది. సంపాదకీయాన్ని మాత్రం తొందరపడి చదవకండి.

1605లో స్ట్రాస్‌బర్గ్‌లో యోహాన్ కరోలస్ చేతిరాత వార్తాలేఖల్ని అచ్చుకి మార్చాడు. చేత్తో నకళ్లు రాయడానికి చాలా సమయం పడుతోందని ఆయన బాధ. అలా వేగం కోసం పుట్టిన అచ్చు పత్రికే నన్ను నెమ్మదిగా చదివేలా చేసింది. పైగా పేపర్ అయిపోతుంది. చివరి పేజీ మడిచి పక్కన పెడితే ఆ రోజు పని పూర్తయినట్టే. ఇంకా ఏదో మిగిలిపోయిందన్న టెన్షన్ అలా తగ్గింది. ఏదైనా వెతుక్కోవాలంటే ఫోన్ ఎలాగూ ఉంది.

కటింగ్స్ దాచేవాళ్లకి ఒక మాట. కత్తెర పెట్టే ముందు వెనక వైపు చూడండి. ఒకసారి మంచి వ్యాసం కత్తిరించాక చూస్తే, వెనకున్న సంపాదకీయం సగానికి తెగిపోయింది. కటింగ్ మూలన తేదీ వేయండి. న్యూస్‌ప్రింట్‌లో కలపలోని లిగ్నిన్ అనే పదార్థం మిగిలి ఉంటుంది కాబట్టి వెలుతురు, గాలి తగిలితే కాగితం పసుపెక్కి పెళుసవుతుంది. అందుకే ముఖ్యమైన పాయింట్లు ఆ వారంలోనే నోట్స్‌లోకి ఎక్కించేయండి.

ఈసారి ప్రిలిమ్స్ దాటాను, మెయిన్స్ రాశాను. ఫలితం ఇంకా రావాలి. ఆఖరి పరీక్ష అయిన మర్నాడు పొద్దున్నే పెన్సిల్ లేకుండా పేపర్ తీసుకుని కూర్చున్నాను. ముందు ఆటల పేజీ తెరిచి, మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివాను. ఏడాదిన్నరలో దాన్ని అలా చదవడం అదే మొదటిసారి.