ఇంటికి స్టాటిక్ ఐపీ కావాలా?

బ్రాడీపేట, గుంటూరు
మంగళవారం రాత్రి

ఉదయం ఎనిమిది కాకముందే మా ఇంటర్నెట్ ఆపరేటరు దగ్గర పనిచేసే కుర్రాడు వచ్చి, "స్టాటిక్ ఐపీ సంగతి ఏమనుకున్నారు సార్? నెలకు 250 రూపాయలు, జీఎస్టీ అదనం. సాయంత్రంలోగా చెబితే రేపే వేయిస్తాను" అన్నాడు. స్టాటిక్ ఐపీ అంటే ఇంటర్నెట్‌లో మన కనెక్షన్‌కు ఇచ్చే, ఎప్పటికీ మారని అడ్రసు. ఆలోచించి ఫోను చేస్తానని చెప్పి పంపాను. 18 శాతం పన్ను కలిపితే నెలకు 295, ఏడాదికి 3,540 రూపాయలు. ఆ డబ్బు పెద్ద భారమని కాదు, దేనికి కడుతున్నానో తెలియకుండా కట్టడం నాకు చేతకాదు. పదిమంది లెక్కలు రాసేవాణ్ణి, నా ఖర్చుకు కారణం రాసుకోకపోతే ఎలా?

నేను మిర్చి వ్యాపారుల ఖాతాలు చూస్తాను. లెక్కలు రాసే ట్యాలీ ప్రోగ్రాము ఉన్న కంప్యూటరు ఇంట్లోనే ఉంటుంది, వారానికి రెండు రోజులు విజయవాడలో ఒక ఖాతాదారు కార్యాలయంలో కూర్చోవలసి వస్తుంది. ఆ రెండు రోజులూ అమ్మ ఇంట్లో ఒక్కతే. మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమె నడక మీద నాకు నమ్మకం తక్కువ, అందుకే వసారాలోనూ హాల్లోనూ కెమెరాలు పెట్టించి, విజయవాడ నుంచి అప్పుడప్పుడు చూసుకుంటూ ఉండేవాణ్ణి. బయటి నుంచి లోపలికి రావడానికి రౌటర్‌లో ఒక తలుపు (పోర్టు) తెరిచిపెట్టే పోర్ట్ ఫార్వర్డింగ్ చేసి, ఐపీ మారినా పేరు మారకుండా ఉండే డైనమిక్ డీఎన్‌ఎస్ పెట్టుకుంటే రెండేళ్ళు ఏ ఇబ్బందీ రాలేదు. గత నెలలో ఆపరేటరు తమ పరికరాలు మార్చిన మర్నాటి నుంచి కెమెరాలూ కనిపించలేదు, ట్యాలీ కూడా తెరుచుకోలేదు. ఎందుకని అడిగితే "స్టాటిక్ ఐపీ తీసుకోండి సార్" అన్న ఒక్క మాట తప్ప కారణం ఎవరూ చెప్పలేదు. డబ్బు పుచ్చుకునేవాడు ముందుగా ఒక మాట చెప్పి ఉండవలసింది, ఆ బాధ నాకు ఇంకా ఉంది.

ఐపీ అడ్రసు మారితే వచ్చే చిక్కు ఏమిటో నాకు తెలియనిది కాదు. మా పేటలో 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని రిక్షా తొక్కేవారికి కూడా తెలుసు, ఆ అంకెలు మారవు కనుకనే ఉత్తరం ఇంటికి చేరుతుంది. ఇంటర్నెట్‌లో సాధారణ కనెక్షన్‌కు అలాంటి శాశ్వతమైన అంకె ఉండదు, ఆపరేటరు తన దగ్గరున్న వాటిలోంచి ఒకటి అద్దెకిచ్చినట్లు కొంత గడువుకు ఇస్తాడు. కొన్నిచోట్ల గడువు సగం గడిచేసరికి రౌటరే అడిగి పొడిగించుకుంటుంది కాబట్టి నెలల తరబడి అదే అంకె ఉండిపోవచ్చు. మాది యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి లాగిన్ అయ్యే పద్ధతి, అందువల్ల కనెక్షన్ తెగి మళ్ళీ కలిసిన ప్రతిసారీ కొత్త అంకె రావడం మామూలే. అయితే ఆ మార్పును డైనమిక్ డీఎన్‌ఎస్ రెండేళ్ళు చక్కగా సర్దుకుంటూ వచ్చింది కదా, ఇప్పుడు ఎందుకు సర్దుకోవడం లేదు? నా ప్రశ్న అక్కడే ఆగిపోయింది.

పది గంటలకు హైదరాబాదులో నెట్‌వర్కింగ్ ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడికి ఫోను చేశాను. అంతా విని, "ముందు రౌటర్ పేజీ తెరిచి వ్యాన్ ఐపీ ఏముందో చదవండి మావయ్యా" అన్నాడు. వ్యాన్ ఐపీ అంటే ఆపరేటరు వైపు నుంచి రౌటర్‌కు వచ్చిన అడ్రసు. కళ్ళద్దాలు తెచ్చుకుని చదివాను. 100.72 అని మొదలైంది. "ఇప్పుడు మీ ఐపీ ఎంతో చెప్పే సైటు ఏదైనా తెరవండి." అక్కడ 103తో మొదలైన మరో అంకె కనిపించింది. రెండూ ఒకటి కాకపోవడమే జవాబు అన్నాడు. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అడ్రసులు బయటి ప్రపంచానికి చెందినవి కావట, ఆపరేటర్లు తమ లోపల వాడుకోవడానికని 2012 ఏప్రిల్‌లో ప్రత్యేకించి పక్కన పెట్టినవట. బయటికి కనిపిస్తున్న 103 అంకె నా ఒక్కడిదీ కాదు, నాలాంటి ఎన్నో ఇళ్ళు దాన్ని కలిసి వాడుకుంటున్నాయి. దీన్ని సీజీ న్యాట్ అంటారు.

అది నాకు వెంటనే అర్థం కావడానికి కారణం మా మిర్చి యార్డే. పది ఊళ్ళ రైతుల బస్తాలు ఒక కమీషన్ కొట్టుకు వస్తాయి, కొనేవాడికి కొట్టు పేరే తెలుస్తుంది కానీ రైతు పేరు తెలియదు. ఏ లాటు ఎవరిదో కొట్టు పుస్తకంలో రాసి ఉంటుంది కనుక అమ్మకపు డబ్బు తిరిగి సరైన రైతుకే చేరుతుంది. కానీ లావాదేవీ ఏమీ లేకుండా బయటివాడెవడో వచ్చి "మీ రైతుతో మాట్లాడాలి" అంటే ఏ రైతని గుమస్తా పిలుస్తాడు? నేను ఇంట్లో కూర్చుని అడిగిన పేజీకి పుస్తకంలో పద్దు ఉంటుంది, అందుకే అది నాకు చేరుతోంది. విజయవాడ నుంచి తలుపు తడితే ఆ పద్దు లేదు. నా రౌటర్‌లో నేను తెరిచిన పోర్టు మా వీధి గుమ్మం మాత్రమే, అంతకుముందున్న కొట్టు గుమ్మం ఆపరేటరు చేతిలో ఉంది.

ఒకే అడ్రసును ఇలా పంచుకోవలసిన అవసరం ఎందుకు వచ్చిందో కూడా మేనల్లుడు ఓపికగా చెప్పాడు. పాతదైన ఐపీవీ4 పద్ధతిలో ఉండగలిగిన అడ్రసులు మొత్తం 429 కోట్ల 49 లక్షల 67 వేల 296, అంటే భూమ్మీద మనిషికొకటి కూడా రాదు. ప్రపంచం మొత్తానికి పంచిపెట్టే కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరి 3న అయిపోయింది, మన ఆసియా ప్రాంతపు నిల్వ ఆ ఏప్రిల్‌లోనే ఆఖరి వాటాకు చేరింది. కొత్త ఐపీవీ6లో కొరత అన్నది లేదు, నా రౌటర్‌కు అలాంటి పొడవైన అడ్రసు ఇప్పటికే వచ్చి ఉంది కూడా. కాని నేను కూర్చునే విజయవాడ కార్యాలయంలో ఐపీవీ4 తప్ప మరొకటి లేదు, అవతలి వైపు లేనప్పుడు ఇవతల ఉండి ప్రయోజనం ఏముంది?

కాబట్టి నేను ఇన్నాళ్ళూ వేసుకున్న ప్రశ్నే పొరపాటు. ఐపీ మారుతుందా, మారదా అన్నది నా సమస్య కాదు, అది నాదా, నలుగురిదా అన్నది సమస్య. మారుతూ ఉన్నా సరే, నాకు మాత్రమే చెందిన పబ్లిక్ అడ్రసు ఇస్తే పాత ఏర్పాటుతోనే పని జరిగిపోతుంది. ఆ మాటే కుర్రాడికి ఫోను చేసి అడిగితే, కనుక్కుని, "అలా ఇవ్వడం లేదు సార్, పబ్లిక్ కావాలంటే స్టాటిక్ ఒక్కటే" అన్నాడు.

అయినా నేను స్టాటిక్ వద్దనుకోవడానికి కారణం డబ్బు కాదు, డీవీఆర్, అంటే కెమెరాల దృశ్యాలను రికార్డు చేసే పెట్టె. బయటికి తెరిచి ఉన్న పోర్టులను వెతుక్కుంటూ తిరిగే ప్రోగ్రాములు రాత్రింబవళ్ళు పనిచేస్తూనే ఉంటాయి, ఎప్పటికీ మారని అడ్రసు మీద తలుపు తెరిచి పెడితే వాటి పని మరీ తేలిక. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రాము, తయారీదారులు పెట్టిన అరవై చిల్లర మామూలు పాస్‌వర్డులను వరుసగా ప్రయత్నించి లక్షల కెమెరాలను, డీవీఆర్‌లను స్వాధీనం చేసుకుంది, ఆ అక్టోబరు 21న వాటితోనే అమెరికాలో పెద్ద పెద్ద సైట్లను గంటల తరబడి అందకుండా చేశారు. మేనల్లుడు ఆ సంగతి చెబుతుండగానే లేచి వెళ్ళి మా డీవీఆర్ చూశాను. బిగించినవాడు పెట్టిపోయిన "అడ్మిన్", "12345" అలాగే ఉన్నాయి. రెండేళ్ళు మా అమ్మ హాల్లో తిరగడం ఏ అపరిచితుడైనా చూడగలిగే స్థితిలో ఉంచానన్న ఆలోచనకు నా ఒళ్ళు జలదరించింది. ముందు పాస్‌వర్డ్ మార్చి, పాత పోర్ట్ ఫార్వర్డింగ్ తీసేసి, ఆ తరువాతే భోజనానికి కూర్చున్నాను.

మధ్యాహ్నం మేనల్లుడూ నేనూ ఫోనులోనే మాట్లాడుకుంటూ వేరే దారి వేశాం. ఇంటి కంప్యూటరులోనూ నా ఫోనులోనూ లాప్‌టాప్‌లోనూ వైర్‌గార్డ్ అనే పద్ధతి ఆధారంగా పనిచేసే ఒక వీపీఎన్ పెట్టాం, అంటే ఇంటర్నెట్ మీదుగా మన పరికరాలను మాత్రమే కలిపే రహస్య దారి. ఇందులో రెండు వైపుల పరికరాలూ లోపలి నుంచి బయటికే బయలుదేరి కలుసుకుంటాయి కనుక కొట్టు పుస్తకంలో పద్దు దానంతట అదే పడుతుంది, ఇంటికి ఏ తలుపూ తెరవనక్కరలేదు. డీవీఆర్‌కు ఆ కంప్యూటరు మీదుగానే దారి. కెమెరా కంపెనీవారి యాప్ వాడితే ఇంత శ్రమ ఉండేది కాదు, కాని అమ్మ బొమ్మ ఎవరి సర్వరు మీదుగానో రావడం నాకు ఇష్టం లేదు. స్థిరమైన అడ్రసు నిజంగా అవసరమైంది ఇంటి లోపలే అని ఇక్కడ తెలిసింది. డీవీఆర్‌కు రౌటర్ ఒక్కోసారి ఒక్కో అంకె ఇస్తూ ఉంటే వెతుక్కోవాలి, అందుకని రౌటర్ పేజీలో దానికి 192.168.1.20 కేటాయించి, ఆ అంకెను కాగితం మీద రాసి డీవీఆర్ వెనక అంటించాను. దీనికి పైసా ఖర్చు లేదు.

మా పక్కింటి అమ్మాయి విషయం వేరు. ఆమె ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుంది, కంపెనీవారు ముందుగా నమోదు చేసుకున్న ఐపీ నుంచి తప్ప లోపలికి రానివ్వరు. ఆమె స్టాటిక్ తీసుకోవడం ముమ్మాటికీ సరైనదే.

నాలుగు గంటలకు వీధిలోకి వెళ్ళి, ఫోనులో వైఫై ఆపి, మొబైల్ డేటాతో ప్రయత్నించాను. రెండు మూడు క్షణాలు తెర నల్లగా ఉండి, తరువాత వసారా కనిపించింది. అమ్మ పీట మీద కూర్చుని, చేట ఒళ్ళో పెట్టుకుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. పక్కన చేతికర్ర గోడకు ఆనించి ఉంది.

కుర్రాడికి ఫోను చేసి స్టాటిక్ వద్దని చెప్పాను. "మీ ఇష్టం సార్, ఎప్పుడు కావాలన్నా ఒక్క రోజులో వేయిస్తాను" అన్నాడు. ఇక మిగిలింది కరెంటు సంగతి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద రౌటర్, డీవీఆర్ నడుస్తాయి కానీ కంప్యూటరు ఆగిపోతుంది, అది ఆగితే దారి మూసుకుపోయినట్లే. కరెంటు రాగానే దానంతట అదే ఆన్ అయ్యేలా బయాస్‌లో, అంటే కంప్యూటరు మొదలయ్యేటప్పుడే నడిచే ప్రోగ్రాములో, సెట్టింగు మార్చి, ప్లగ్ తీసి పెట్టి రెండుసార్లు చూశాను, రెండుసార్లూ లేచింది. రేపు పొద్దున విజయవాడ వెళ్ళి ఆ కార్యాలయం నుంచి ట్యాలీ తెరిచి చూడాలి.