మారుతి 800కి పాత అల్లాయ్ వీల్స్: విజయనగరం స్క్రాప్ కొట్టులో వేట ఎంతవరకు వచ్చింది

మా 800కి బాడీ పని, పెయింటు అయిపోయాయి. మిగిలింది చక్రాలే. కొత్త అల్లాయ్‌లు షాపుల్లో బోలెడు, కానీ ఇప్పటి డిజైన్లు ఆ చిన్న బండి మీద అతకవు. అప్పట్లో జపాన్ నుంచి వచ్చిన 13 అంగుళాల ఎనిమిది స్పోకుల సెట్టే వెయ్యాలని నా పట్టు. అలాంటి సెట్టు చివరికి నాతవలస జంక్షన్ నుంచి విజయనగరం వచ్చే దారిలో ఒక స్క్రాప్ కొట్టులో, రేడియేటర్ల గుట్ట వెనకాల కనిపించింది. నాలుగూ ఉన్నాయి.

చేతికి రాగానే వాటిని బోర్లా తిప్పాను. కొట్టు పెద్దాయన నవ్వి, "ఏటి బాబూ, ఎనకాల ఏటి సూస్తన్నావు? మెరుపు ముందర కదా ఉంది" అన్నారు. మెరుపు పాలిష్‌తో ఎవరైనా తెస్తారు. ధర తేల్చేది వెనకవైపే.

ముందు అక్షరాలు చదివాను. 13×5జె అంటే వ్యాసం 13 అంగుళాలు, టైరు కూర్చునే వెడల్పు 5 అంగుళాలు, జె అనేది అంచు ఆకారం గుర్తు. జేడబ్ల్యూఎల్ గుర్తు ఉంటే జపాన్ అల్లాయ్ చక్రాల ప్రమాణానికి చేసినట్టు. పక్కనే వీఐఏ ముద్ర కూడా ఉంటే ఆ పరీక్ష బయటి సంస్థ దగ్గర నమోదైనట్టు. జర్మనీ చక్రాలకైతే కేబీఏ నంబరు, అంటే అక్కడి మోటారు వాహనాల శాఖ ఆమోద నంబరు చూడాలి. నకిలీ పోతలు చేసేవాళ్లు ముందువైపు రూపాన్ని బాగానే దించుతారు గానీ, వెనకాల ఈ అక్షరాలు ఉబ్బెత్తుగా, స్పష్టంగా రావడం అరుదు.

తర్వాత పోత తేదీ. 1 నుంచి 12 అంకెలున్న చిన్న వృత్తం, అందులో నెలని చూపే బాణం, పక్కన సంవత్సరం. మూడింటి మీద 91, నాలుగో నెల. ఒకదాని మీద 91, ఆరో నెల. అంటే నాలుగూ పుట్టుకతో ఒక సెట్టే అయ్యుండాలి. విడివిడిగా ఏరి కూర్చిన నాలుగింటికీ దీనికీ విలువలో చాలా తేడా.

ఇక పీసీడీ, అంటే బోల్టు రంధ్రాల కేంద్రాల మీదుగా గీసిన వృత్తం వ్యాసం. నాలుగు బోల్టుల చక్రానికి ఎదురెదురు రంధ్రాల మధ్య దూరం, కేంద్రం నుంచి కేంద్రానికి కొలిస్తే చాలు. ఐదు బోల్టులదైతే పక్కపక్క రంధ్రాల దూరాన్ని 0.588తో భాగించాలి. 800కి కావాల్సింది 4×114.3, అంటే నాలుగు బోల్టులు, 114.3 మి.మీ. స్విఫ్ట్, శాంత్రో, హోండా సిటీలవి 4×100, ఫియట్ పాలియోది 4×98. పాత నిస్సాన్, టయోటా చిన్న బండ్లు చాలావాటికి 4×114.3 ఉండేది కాబట్టి ఆ కాలపు జపాన్ సెట్లు మన 800కి పనికొచ్చే అవకాశం ఎక్కువ. 98 బండికి 100 చక్రాన్ని నెట్టి బిగించేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. నట్టు తన గుంటలో సరిగా కూర్చోదు, బోల్టు వంగిన స్థితిలోనే తిరుగుతుంది. నట్టు రకం కూడా చూసుకోవాలి: కొన్ని పాత జపాన్ అల్లాయ్‌లకి కోన్ నట్టు కాదు, వాషరుతో చదునుగా కూర్చునే నట్టు కావాలి.

ఆఫ్‌సెట్ (చక్రం వెడల్పు మధ్య గీత నుంచి హబ్బుకి ఆనే తలం ఎంత పక్కకి ఉందో ఆ దూరం) రాసి లేకపోతే ఇలా: చక్రాన్ని బోర్లా పెట్టి, వెనక అంచుల మీద స్కేలు అడ్డంగా వేసి, హబ్బుకి ఆనే తలం దాకా లోతు కొలవాలి. నాకు 111 మి.మీ. వచ్చింది. అంచులతో కలిపి మొత్తం వెడల్పు 152, సగం 76. తీసేస్తే 35. ఇదే కొలత బండి అసలు ఇనప చక్రానికీ తీసి పోల్చాకే ముందుకెళ్లాను.

మన తీరం వైపు తిరిగిన బండ్లలో ఉప్పు గాలి పని బాగా కనిపిస్తుంది. లక్క పొర కింద చెదల దారుల్లా సన్నని తెల్ల గీతలు. ఇవి పైపైనే ఉంటే గీకి, మళ్లీ కోటింగ్ వేసుకోవచ్చు. టైరు కూర్చునే అంచు దాకా గుంటలు పడితే గాలి నిలవదు. ఈ సెట్టులో అంచులు శుభ్రంగానే ఉన్నాయి.

మరీ తేలిగ్గా ఉన్న పాత చక్రం దొరికితే అది మెగ్నీషియం కావచ్చు. వెనకాల ఒక చోట గీకి వెనిగర్ చుక్క వేస్తే బుడగలు పొంగుతాయి, అల్యూమినియం అలా పొంగదు. మెగ్నీషియం పొడికి నిప్పంటుకుంటే నీళ్లు పొయ్యకూడదు, పొడి ఇసుక కప్పాలి. గ్యాస్ కట్టర్ నడిచే కొట్టులో ఈ సంగతి తెలిసి ఉండటం అవసరం.

పగుళ్ల పరీక్షకి అడ్వాన్సు ఇచ్చి చక్రాలు ఇంటికి తెచ్చుకున్నాను. పెద్దాయన ఒప్పుకోవడం మంచితనం. శుభ్రం చేసి, పగుళ్లలోకి ఇంకే ఎర్ర డై కొట్టి, పావుగంట ఆగి, గుడ్డతో తుడిచి, తెల్ల డెవలపర్ కొట్టాలి. పగులుంటే తెలుపు మీద ఎర్ర గీత ఊరుతుంది. ఆరో నెల చక్రానికి లోపలి అంచు నుంచి అలా ఒక గీత వచ్చింది. వెల్డింగ్‌కి నేను ఒప్పుకోను. ఈ పోతలకి వేడిశుద్ధి (హీట్ ట్రీట్‌మెంట్) వల్ల వచ్చిన బలం వెల్డు చుట్టుపక్కల పోతుంది, పెయింటు కింద అది కనపడదు. వేడి చేసి వంకర తీసే చోట్లా జాగ్రత్త: అల్యూమినియం ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు.

మిగతా మూడింటినీ జాకీ మీద ఎత్తిన బండికే బిగించి, ఇటుక మీద మేకు ఆనించి తిప్పి చూశాను. ఊగు ఒక మి.మీ. లోపే.

బేరం కాటా దగ్గర మొదలుపెట్టాను. చక్రం 5.4 కిలోలు, ఆ రోజు అల్యూమినియం రేటు కిలోకి 150, అంటే ఒక్కోటి 810. అంతకన్నా తక్కువకి ఆయన ఇవ్వరు, ఇవ్వమని అడగడం న్యాయం కాదు. నాలుగింటికి ఆయన చెప్పింది 8,000. పగులు చూపించాక సెట్టు ధర పోయింది. మూడూ 1,500 చొప్పున, నాలుగోది లోహం ధరకి, మొత్తం 5,310. నాలుగోది ఎందుకంటే దాని మధ్య మూత, నట్లు అసలువి. అవి విడిగా దొరకవు. బిల్లు మీద ఏ బండి నుంచి తీశారో నంబరు కూడా రాయించుకున్నాను. పాత చక్రాలు కొనేవాళ్లెవరికైనా ఇది తప్పనిసరి.

టైర్లు 155/65 ఆర్13 అనుకుంటున్నాను. పాత 145/70 ఆర్12 కన్నా వ్యాసం 24 మి.మీ. పెద్దది, స్పీడోమీటరు 60 చూపినప్పుడు నిజంగా 63 దాకా వెళ్తుంటాం. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు మడ్‌గార్డుకి రాసుకోకుండా ఉందో లేదో ఒక పాత టైరు ఎక్కించి చూశాకే కొంటాను. ఈలోగా నాలుగో చక్రం కోసం శ్రీకాకుళం, చీపురుపల్లి కొట్లలో చెప్పి ఉంచాను: 13×5జె, 4×114.3, ఆఫ్‌సెట్ 35, ఎనిమిది స్పోకులు, వెనకాల 91.