నైట్ డ్యూటీలో డ్రాగన్లు

2019 ఎండాకాలంలో ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆ పుస్తకం కొన్నాను. అసలు వెళ్లింది చెల్లెలి కొడుక్కి గైడ్ల కోసం. దేవరకొండలో పొద్దున్నే బస్సెక్కి, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా సిటీలో దిగేసరికి ఎండ మొదలైంది. గైడ్లు దొరికాయి. పక్క కుప్పలో ఒక లావుపాటి ఇంగ్లిష్ నవల కనిపించింది. అట్ట మీద బొమ్మ చూసి ఆగిపోయాను. నలభై అన్నాడు, ముప్పైకి ఇచ్చాడు. చిన్నప్పుడు చందమామలో మాంత్రికుల సీరియళ్లు చదివినవాణ్ణి, డ్రాగన్ బొమ్మ చూస్తే చెయ్యి ఊరికే ఉండదు.

నేను దేవరకొండ దగ్గర ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌ని. రాత్రి డ్యూటీ అంటే గంటకోసారి లేచి ఫీడర్ల, అంటే ఊళ్లకు కరెంటు తీసుకెళ్లే లైన్ల, లోడు చూసి లాగ్ షీట్‌లో రాయాలి. ఫీడర్ ట్రిప్ అయితే చూసుకోవాలి, లైన్‌మెన్ ఎల్‌సీ, అంటే లైన్ ఆపి పని చేసుకోవడానికి అనుమతి, అడిగితే ఇవ్వాలి. మిగతా సమయమంతా ట్రాన్స్‌ఫార్మర్ హోరు, దోమలు, నిద్రతో కొట్లాట. నిద్ర ఆపుకోవడానికి పుస్తకం మంచిదనుకున్నాను. మొదటి వారం ఆ పుస్తకమే నన్ను నిద్రపుచ్చింది.

పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లిష్ పేపరు తంటాలు పడి చదవగలను. కానీ ఇక్కడ ఇంగ్లిష్ కంటే పేర్లతోనే నాకు పెద్ద కష్టం వచ్చిపడింది. టానిస్, స్టర్మ్, ఫ్లింట్, కారమన్, రైస్ట్లిన్, టాసిల్‌హాఫ్, గోల్డ్‌మూన్, రివర్‌విండ్. ఎనిమిది మంది, పైగా అందరూ ఒకరికొకరు బాగా తెలిసినట్టే మాట్లాడుకుంటారు. పెళ్లికి వెళ్తే ఆడపెళ్లివాళ్లెవరో మగపెళ్లివాళ్లెవరో తెలియక నవ్వుతూ కూర్చున్నట్టు ఉంది నా పరిస్థితి. ముప్పై పేజీల తర్వాత పక్కన పడేశాను.

నెల తర్వాత మళ్లీ తీసి, అట్ట వెనక సరిగ్గా చదివితే తెలిసింది, అది మూడు భాగాల్లో రెండోదట! పేరు ‘డ్రాగన్స్ ఆఫ్ వింటర్ నైట్’, 1985లో వచ్చింది. మొదటిది 1984 నాటి ‘డ్రాగన్స్ ఆఫ్ ఆటమ్ ట్వైలైట్’. రాసింది మార్గరెట్ వైస్, ట్రేసీ హిక్‌మన్ అనే ఇద్దరు. మొదటి భాగం ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. ముప్పై రూపాయల పుస్తకం కోసం అంతకు పదింతలు పెట్టానని ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

ఈసారి పద్ధతిగా మొదలుపెట్టాను. ఒక పాత నోట్‌బుక్‌లో పేర్లన్నీ తెలుగులో రాసుకున్నాను. తెలుగు లిపిలో పడేసరికి సగం భయం పోయింది. పుస్తకం మొదట్లో ఉన్న మ్యాప్‌ను చూసి గీసుకున్నాను. ప్రతి పదానికీ డిక్షనరీ తీయడం మానేసి, ఒకే మాట మూడుసార్లు కనిపిస్తేనే అర్థం చూశాను. ఈ ఒక్క నియమం లేకపోతే నేను ఆ పుస్తకం దాటేవాణ్ణి కాదు. ఇలాంటి నవలల్లో కత్తికి, కవచానికి, గుర్రపు జీనుకు సవాలక్ష మాటలుంటాయి, అన్నీ తెలుసుకోవాల్సిన పనిలేదు.

కథ మొదలయ్యే ఊళ్లో ఇళ్లు, పూటకూళ్ల ఇల్లు, అన్నీ మహావృక్షాల మీదే. ఐదేళ్ల కింద విడిపోయిన స్నేహితులు అక్కడ మళ్లీ కలుసుకుంటారు. అది చదువుతుంటే బడిపిల్లలుగా మమ్మల్ని పాలమూరు తీసుకెళ్లి చూపించిన పిల్లలమర్రి గుర్తొచ్చింది. ఏది మొదలో ఏది ఊడో తెలియని ఆ మర్రి కింద ఊరు పట్టేంత జాగా ఉంటే, చెట్టు మీద ఊరు ఎందుకుండదు? రెండు నెలలు పట్టింది మొదటి భాగానికి. చివర్లో గోల్డ్‌మూన్, రివర్‌విండ్‌ల పెళ్లి. హాయిగా మూసి, రెండో భాగం అందుకున్నాను.

మళ్లీ అయోమయం! పుస్తకం తెరిచేసరికి వీళ్లంతా మరుగుజ్జుల భూగర్భ రాజ్యంలో ఉన్నారు. ఖరాస్ సుత్తి అనే మహిమగల ఆయుధం వెతికి సాధించడం కూడా అప్పటికే అయిపోయింది. ఎప్పుడు వెతికారు? ఎలా దొరికింది? ఫుట్‌పాత్ పుస్తకం కదా, పేజీలు ఊడిపోయాయేమోనని నెంబర్లు లెక్కపెట్టాను. అన్నీ ఉన్నాయి. మొదటి భాగం చివరిపేజీ మళ్లీ చూశాను. అక్కడా లేదు. ఆ రాత్రి ఇదే పనిలో పడి ఒంటిగంట రీడింగ్ వేయడం మర్చిపోయాను. లాగ్ షీట్‌లో ఆ గడి ఖాళీగా ఉండిపోయింది, తెల్లారి మాటలు పడ్డాను.

నవలలో ఆ ఖాళీకి జవాబు తర్వాత దొరికింది. నవలలో లేని కథ ఆటలో ఉంది! డ్రాగన్‌లాన్స్ అనే ఈ లోకాన్ని టీఎస్‌ఆర్ అనే కంపెనీ ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ ఆట కోసం తయారు చేసింది. ఆ ఆటను 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చారు. నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు లోకాన్ని, రాక్షసుల్ని నడిపిస్తూ కథ చెబుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర అయి ‘నేనిలా చేస్తాను’ అంటారు. అయిందా లేదా అనేది పాచిక చెబుతుంది. 1984లో ఈ లోకానికి వరుసగా ఆట పుస్తకాలు రావడం మొదలైంది, వాటితోపాటే నవలలూ. సుత్తి వెతుకులాట ఆట పుస్తకాల్లో ఉంది కాబట్టి నవలలో దాటేశారు. దాన్ని నవలగా రాసింది 2006లో. అంటే ఇరవై ఏళ్లు పాఠకులు నాలాగే పేజీలు లెక్కపెట్టుకుని ఉంటారన్నమాట.

అప్పుడే నేను చదివే పద్ధతి తప్పని అర్థమైంది. వీటిని ఆట తెలియకుండా చదవడం, చీట్లపేక తెలియనివాడు పక్కన కూర్చుని ఎవరు ఎందుకు నవ్వుతున్నారో చూసినట్టుంటుంది. నవల పక్కన పెట్టి మూడు వారాలు ఆట నియమాలే చదివాను. 2014లో వచ్చిన ఐదో కూర్పుకు ప్రాథమిక నియమాలు ఉచితంగానే దొరుకుతాయి. పాతవాటి గురించి అక్కడా ఇక్కడా చదివి పోల్చుకున్నాను.

పాచికలు చూస్తే మనకు కొత్తేమీ కాదు. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేస్తే అన్నీ వెల్లకిలా పడితే చెమ్మ, అన్నీ బోర్లా పడితే అష్ట. వీళ్లకు నాలుగు ముఖాల పాచిక నుంచి ఇరవై ముఖాల పాచిక దాకా ఉన్నాయి. నన్ను బాగా తికమక పెట్టింది పాత కూర్పుల్లోని కవచం లెక్క. అంకె తగ్గేకొద్దీ కవచం గట్టిదట! ఇదేం తలకిందుల లెక్క అనుకున్నాను, తర్వాత మన ఎంసెట్ ర్యాంకు గుర్తొచ్చి ఊరుకున్నాను. 2000లో వచ్చిన మూడో కూర్పులో దాన్ని తిరగేశారు.

అన్నిటికంటే రుచిగా అనిపించింది మంత్రాల సంగతి. మన జానపద కథల్లో మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది, మంత్రం మాత్రం నోట్లోనే ఉంటుంది. ఇక్కడ మంత్రం వాడితే అది మనసులోంచి చెరిగిపోతుంది. మళ్లీ నిద్రపోయి లేచి, పుస్తకం ముందేసుకుని బట్టీపట్టాలి. అదను చూసి అస్త్రమంత్రం మర్చిపోయేలా పరశురాముడు కర్ణుణ్ణి శపించాడు కదా, ఆ శాపం ఇక్కడ మాంత్రికులందరికీ రోజువారీ జీవితం. ఈ పద్ధతిని గైగాక్స్ జాక్ వాన్స్ అనే రచయిత కథల నుంచి తెచ్చుకున్నాడు.

ఇది తెలిశాక రైస్ట్లిన్ నాకు పూర్తిగా వేరే మనిషిలా కనిపించాడు. కారమన్, అతను కవలలు. కారమన్ ఎద్దులాంటివాడు. రైస్ట్లిన్ దగ్గుతూ, కర్ర పట్టుకుని, ఒక్క మంత్రం వేసేసరికి కూలబడిపోతాడు. మొదటిసారి చదివినప్పుడు వీడికెందుకింత నాటకం అనుకున్నాను. పాత నియమాల్లో యోధుడి ప్రాణబలం పది ముఖాల పాచిక మీద తేలితే, మాంత్రికుడిది నాలుగు ముఖాల దాని మీద తేలుతుంది. కవచం వేసుకోకూడదు, కత్తి పట్టకూడదు. ఆ ఎండు లెక్కలోంచి ఒకే కడుపున పుట్టిన ఇద్దర్ని తీసి, ఒకడికి బలం, ఒకడికి కసి ఇచ్చారు. రైస్ట్లిన్ గుసగుస గొంతు కూడా ఆటను మొదట ఆడి చూసేటప్పుడు ఒక స్నేహితుడు పెట్టిందేనట. రైస్ట్లిన్ కంటిపాపలు ఇసుక గడియారాల్లా ఉంటాయి, ఏ ముఖం చూసినా అది ముసలిదై వాడిపోతున్నట్టే కనిపిస్తుంది. రాత్రి రెండింటికి కంట్రోల్ రూంలో ఒంటరిగా ఉన్నప్పుడు ఈ మాట చదవకూడదు.

గోల్డ్‌మూన్ దగ్గరున్న నీలి స్ఫటికపు దండం ఎందుకంత గొప్పదో కూడా ఆట వల్లే తెలిసింది. ఆటలో దైవశక్తితో గాయాలు మాన్పేవాళ్లు మామూలే. ఈ లోకంలో మాత్రం మహాప్రళయం తర్వాత దేవుళ్లు వెళ్లిపోయారు, మాన్పేవాళ్లు లేరు. ఆటగాళ్లకు అలవాటైన ఒక సౌకర్యాన్ని తీసేసి, దాని మీదే కథ కట్టారు.

మా లైన్‌మన్ ఒకాయన, నాకంటే పెద్దాయన, ఒకరాత్రి ఎల్‌సీ కోసం వచ్చి పుస్తకం చూశాడు.

“ఏంది తమ్మీ, పరీక్షకు సదువుతున్నవా?”

“కాదన్నా, కథల పుస్తకం.”

“గంత లావు పుస్తకంల ఏం కథలున్నయే?”

కవలల కథ చెప్పాను. ఆయన నవ్వలేదు. మా గ్యాంగు కూడా గంతేగా అన్నాడు, ఒకడు స్తంభం ఎక్కుతడు, ఒకడు తాడు పడ్తడు, ఒకడు కింద నిలబడి ఫోన్ మాట్లాడ్తడు, ఏ ఒక్కడు లేకున్నా పని కాదు. ఆ తర్వాత ఎప్పుడు కలిసినా “గా దగ్గే పిలగాడు ఏమైండు?” అని అడిగేవాడు. ఆయన కోసమే 1986 నాటి కవలల మూడు భాగాలూ చదివాను. ఆయనకు చెప్పాలంటే నాకు ముందు సరిగ్గా అర్థం కావాలి కదా. నా ఇంగ్లిష్ బాగుపడింది అక్కడే.

తర్వాత ఇంకో లోకానికి వెళ్లాను. ఎడ్ గ్రీన్‌వుడ్ చిన్నప్పటి నుంచి అల్లుకున్న ఫర్గాటెన్ రెల్మ్స్, అందులో ఆర్.ఎ. సాల్వటోర్ రాసిన డ్రిజ్ట్ అనే నల్ల ఎల్ఫ్ (మనిషిని పోలిన ఒక కల్పిత జాతివాడు) కథలు. ఏది ముందు చదవాలనే గొడవ ఇక్కడ పెద్దది. 1988లో వచ్చిన నవలలో అతను ఒక అడవిజాతి యోధుడికి పక్కన ఉండే పాత్ర మాత్రమే. జనం మెచ్చుకున్నాక 1990లో వెనక్కి వెళ్లి, భూగర్భ నగరంలో అతని పుట్టుక నుంచి రాశారు. కథాకాలం ప్రకారం చదవమని చాలామంది అంటారు. నా మాట వేరు. అచ్చయిన వరుసలోనే చదవండి. వీడెవడు, ఎక్కణ్ణుంచి వచ్చాడు అని రెండు మూడు నవలలు ఆలోచించాక ఆ భూగర్భంలోకి దిగితే ఉండే రుచే వేరు.

అన్నీ బాగుంటాయని చెప్పను. ఒక్క డ్రాగన్‌లాన్స్‌లోనే వందకు పైగా నవలలున్నాయి, అందులో చాలావాటిలో పాచికల చప్పుడు వినిపిస్తుంది. యుద్ధం, విశ్రాంతి, మళ్లీ యుద్ధం. నేను తెప్పించుకున్న వాటిలో నాలుగు సగంలో ఆపేశాను. ఆపినందుకు ఇప్పుడు సిగ్గు కూడా లేదు.

మొన్న దసరా సెలవుల్లో చెల్లెలి పిల్లలు వచ్చారు. ఫోన్లు లాక్కుని ఆట మొదలుపెట్టాను. ఇరవై ముఖాల పాచిక లేదు, ఒకటి నుంచి ఇరవై దాకా చీటీలు రాసి స్టీల్ గ్లాసులో వేశాను. తీసిన చీటీ మళ్లీ లోపల వేయాలి. లోకం మా దేవరకొండ ఖిల్లానే, దాని గుట్టలు, గోడలు, కోనేర్లు పిల్లలకు తెలిసినవే. అల్లుడు యోధుడయ్యాడు. తొమ్మిదేళ్ల కోడలు “నేను దొంగనైత మామా” అంది. ఖిల్లా దర్వాజా ముందు ఒక రాక్షసిని పెట్టాను. దాని బలం, దెబ్బలు, అన్నీ నోట్‌బుక్‌లో లెక్క వేసుకుని ఉంచాను.

అల్లుడు కత్తి దూశాడు. చీటీ తీస్తే రెండు. కోడలు కాసేపు ఆలోచించి, “మామా, దానికి ఆకలైతుందేమో. నా సంచిల సర్వపిండి ఉన్నది, పెడ్త” అంది.

దీనికి నా దగ్గర లెక్క లేదు. సరే, చీటీ తియ్యమన్నాను. పదిహేడు వచ్చింది. రాక్షసి పక్కకు జరిగి దర్వాజా తెరిచింది. పిల్లలిద్దరూ నా మొహంలోకి చూస్తున్నారు, లోపల ఏముందో నేనింకా రాసుకోలేదు.