3నా, 8నా?

“ఇది 3నా, 8నా అమ్మా?” మేడమ్ వేలు నా గ్రాఫు నిలువు అక్షం మీద ఆగిపోయింది. తార్నాకలో అప్పుడే తీయించిన ప్రింటు. నిజంగానే తెలియడం లేదు. అంకె అంచులు మెట్లు మెట్లుగా, బూడిద రంగులో అలుక్కుపోయి ఉన్నాయి. ఆ ఒక్క చుక్క కోసం ఎనిమిది నెలలు ప్రయోగశాలలో కూర్చున్నాను. మనసు చివుక్కుమంది.

సాయంత్రం తప్పు దొరికింది. మనం ఏమీ చెప్పకపోతే, గ్రాఫులు గీసే పైథాన్ లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్ 6.4 అంగుళాల వెడల్పుతో, 10 పాయింట్ల అక్షరాలతో బొమ్మ గీస్తుంది. దాన్ని పరిశోధన పత్రిక పేజీలోని 3.5 అంగుళాల కాలమ్‌లోకి కుదిస్తే అక్షరం ఐదున్నర పాయింట్లకు పడిపోతుంది. పైగా నేను 100 డీపీఐ (అంగుళానికి 100 చుక్కలు) లెక్కన, పిక్సెళ్లతో కూర్చే పీఎన్‌జీ బొమ్మగా సేవ్ చేశాను. వెడల్పంతా కలిపి 640 పిక్సెళ్లే!

ఈసారి మొదటే 3.5 అంగుళాలకు గీశాను. అక్షరాలు 8 పాయింట్లు, ఫైలు పీడీఎఫ్; అందులో గీతలు పిక్సెళ్లుగా కాక గీతలుగానే ఉంటాయి, ఎంత పెంచినా చెదరవు. మ్యాట్‌ప్లాట్‌లిబ్ మామూలుగా పీడీఎఫ్‌లో పొదిగే టైప్ 3 రకం ఫాంట్లను కొన్ని పత్రికలు ఒప్పుకోవు కాబట్టి, బదులుగా ట్రూటైప్ ఫాంట్లు పొదిగే ఫాంట్‌టైప్ 42 అన్న వరుస కూడా కోడ్‌లో చేర్చాను.

తెర మీద 800 శాతం పెంచి చూశాను. మైక్రో గుర్తు (µ) తోక కూడా కత్తితో కోసినంత నున్నగా ఉంది. ఎంతసేపు చూశానో!

రేపు పొద్దున్నే కొత్త ప్రింటు మేడమ్ బల్ల మీద పెడతాను. అది 8, మేడమ్.