లంకలో శాంకరీ దేవి సన్నిధికి

అష్టాదశ శక్తిపీఠాల స్తోత్రం మొదలయ్యేదే ‘లంకాయాం శాంకరీ దేవీ’ అని. అలంపురం, శ్రీశైలం, పిఠాపురం, ద్రాక్షారామం అమ్మ ఎప్పుడో దర్శించుకుంది. హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి చేరిపోయే ఊళ్లవి. స్తోత్రంలో మొదట వచ్చే పీఠం మాత్రం సముద్రం అవతల ఉండిపోయింది. అందుకే వేసవి సెలవుల్లో అమ్మను తీసుకుని ట్రింకోమలి బయల్దేరాను. శ్రీలంక తూర్పు తీరంలో ఆ నెలల్లో సముద్రం నెమ్మదిగా ఉంటుంది.

శంషాబాద్ నుంచి కొలంబో చేరడం పెద్ద పనేం కాదు. అక్కణ్నుంచి కారులో దంబుల్లా, హబరణ మీదుగా దాదాపు 260 కిలోమీటర్లు.

శాంకరీ దేవి గుడి పక్కనున్న కోనేశ్వరం శివాలయానికి ఫోర్ట్ ఫ్రెడరిక్ కోట లోంచే వెళ్లాలి. దర్శనం వేళ దాటిపోతుందేమోనని అమ్మకి టెన్షన్. అయినా కోట గుమ్మం దగ్గర కాసేపు ఆపాను. గుమ్మం రాతి మీద జంట చేపలు, పాండ్య రాజుల గుర్తు. పక్కనే అరిగిపోయిన తమిళ అక్షరాలు. చేపల పొలుసులు కూడా చాలావరకు అరిగి, వీపుల ఒంపు మాత్రం నిలిచింది. ఆ రాయి కోట కోసం చెక్కింది కాదు, గుడిది. ఏడో శతాబ్దంలో తమిళ శైవ భక్తకవి జ్ఞానసంబంధర్ తేవారం అనే శివస్తుతి పాటల్లో కీర్తించిన ఈ క్షేత్రాన్ని 1622లో పోర్చుగీసువాళ్లు కూలగొట్టి, ఆ రాళ్లతోనే కోట కట్టుకున్నారు. ఆ మాట చెప్పగానే అమ్మ అక్కడే చెప్పులు విడిచి, చేపల్ని తాకి కళ్లకద్దుకుంది. ఇక తొందరపెట్టలేదు.

లోపల చెట్ల నీడన జింకలు మనుషులకి బెదరకుండా తిరుగుతున్నాయి. అక్కడి ఒక పాత బంగళా పేరు వెల్లెస్లీ హౌస్. 1799లో టిప్పు సుల్తాన్ మీది యుద్ధంలో మన నిజాం పంపిన సైన్యాన్ని నడిపించిన బ్రిటిష్ సేనాని ఆర్థర్ వెల్లెస్లీ పేరే అది.

పూజాసామాను దుకాణాలు దాటి పైకెక్కితే పెద్ద శివుడి విగ్రహం, గోపురం, ఆ వెనకంతా సముద్రం. ఇప్పటి గుడికి 1963లో కుంభాభిషేకం జరిగింది. అంటే మూడు వందల ఏళ్లకు పైగా ఇక్కడ గుడే లేదు. అయినా జనం రావడం మానలేదు. కొండ అంచున నిలబడి, పూలూ కొబ్బరికాయలూ సముద్రంలోకి వదిలి, ఆ బండకే పూజ చేసుకుని వెళ్లేవారట. నన్ను ఈ క్షేత్రానికి కట్టేసింది ఆ సంగతే. 1950లో బావి తవ్వుతుంటే సోమాస్కందుడి (పార్వతి, కుమారస్వాములతో ఉన్న శివుడి) కంచు విగ్రహం, దానితో పాటు మరికొన్ని బయటపడ్డాయి. 1956లో రచయిత ఆర్థర్ సి. క్లార్క్, ఆయన డైవింగ్ మిత్రుడు మైక్ విల్సన్ ఈ కొండ కింద సముద్రంలో మునిగి పాత గుడి శిథిలాలు చూశారు.

స్వామి దర్శనం అయ్యాక పక్కనే ఉన్న శాంకరీ దేవి గుడికి వెళ్లాం. చిన్న గుడి. పూజారికి తెలుగు రాదు, అమ్మకి తమిళం రాదు. అమ్మ స్తోత్రం అందుకోగానే ఆయనా గొంతు కలిపారు. పద్దెనిమిది పేర్లూ ఇద్దరూ కలిసే పూర్తి చేశారు.

బయట కొండ అంచున నిలువునా ఒక చీలిక. జబ్బుపడిన తల్లి పూజ చేసుకోవాలని రావణుడు గుడినే పెకలించుకుపోబోయాడని, అప్పుడు కత్తి దిగిన గుర్తే ఈ రావణ వెట్టు అని చెబుతారు. తొంగిచూస్తే కళ్లు తిరిగే లోతు. ఆ దగ్గర్లో చెట్టు కొమ్మల నిండా పిల్లల కోసం మొక్కుకున్నవాళ్లు కట్టిన బుల్లి ఉయ్యాలలు. ఇంట్లో సంతానం కోసం ఎదురుచూస్తున్న మా పిన్ని కూతురు గుర్తొచ్చి, అమ్మ దుకాణంలో ఒకటి కొని తనే ముడివేసింది.

రావణుడి తల్లి కథ ఈ కొండతో అయిపోదు. ఆమె చనిపోయాక కర్మకాండ కోసం అతను నేలను పొడిస్తే పుట్టాయనే వేడినీటి బావులు ఊరికి దగ్గర్లోనే, కన్నియాలో ఉన్నాయి. మొత్తం ఏడు. మర్నాడు పొద్దున్నే అక్కడికెళ్లాం. ఒక్కో బావిలో నీళ్లు ఒక్కో వేడి. మోకాళ్ల నొప్పులకి మంచిదని అమ్మ అన్ని బావుల నీళ్లూ పోసుకునే దాకా కదల్లేదు.