గొలుసు ప్రమాదాల క్లెయిముల్లో ప్రతివాదులుగా ఎవరిని చేర్చాలి

హైవే మీద వాహనాలు వరుసగా ఒకదాన్నొకటి గుద్దుకున్న ప్రమాదంలో గాయపడ్డవారి కుటుంబం వకీలు దగ్గరకు వచ్చినప్పుడు చాలావరకు ఒకే ప్రశ్నతో వస్తుంది: తప్పు ఎవరిదని తేలుతుంది? హైదరాబాదులో మోటారు ప్రమాదాల క్లెయిములు నడిపే న్యాయవాదిగా నేను ముందు అడిగేది వేరు. గాయపడ్డ మనిషి ఏ వాహనంలో ఉన్నారు, డ్రైవరా ప్రయాణికుడా, ఆ ప్రమాదంలో ఉన్న ప్రతి వాహనానికీ ఏ రకం పాలసీ ఉంది? ఈ జవాబులు చేతికి రాకుండా, కేవలం ఎఫ్‌ఐఆర్ చూసి తయారుచేసిన పిటిషను, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్లో గెలిచినా డబ్బు రాని కేసుగా మిగిలే ప్రమాదం ఉంది.

వివరాలు కొంత మార్చి ఒక కేసు చెబుతాను. అంబర్‌పేటలో ఉండే ఒక టైల్స్ మేస్త్రీ సంక్రాంతికి అత్తవారింటికి వెళ్లి, భార్యతో కలిసి బావమరిది కారులో తిరిగి వస్తున్నారు. 65వ నంబరు జాతీయ రహదారి మీద చిట్యాల దాటాక, తెల్లవారుజామున పొగమంచులో, ఎడమ లేనులో పార్కింగ్ లైట్లయినా లేకుండా ఆగి ఉన్న లారీ కనిపించి బావమరిది గట్టిగా బ్రేకు వేశాడు. అయినా కారు లారీ వెనుక భాగాన్ని తాకింది. ఆ మరుక్షణమే వెనుక వస్తున్న ప్రైవేటు ట్రావెల్స్ బస్సు కారును గుద్ది లారీ కిందికి నెట్టింది. ముందు సీట్లో ఉన్న మేస్త్రీ కుడి మోకాలు నుజ్జయింది. పోలీసులకు మొదట ఫిర్యాదు ఇచ్చినవాడు లారీ డ్రైవరు కావడంతో ఎఫ్‌ఐఆర్‌లో బావమరిది ఒక్కడే నిందితుడయ్యాడు.

ఆ ఎఫ్‌ఐఆర్‌ను నమ్ముకుని కారు యజమాని మీద, కారు బీమా కంపెనీ మీద మాత్రమే పిటిషను వేసి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. ఆ కారుకు ఉన్నది థర్డ్ పార్టీ పాలసీ, అంటే బయటివారికి (మూడో పక్షానికి) జరిగిన నష్టానికి వర్తించేది మాత్రమే. ప్రైవేటు వాహనంలో డబ్బు ఇవ్వకుండా ఎక్కిన ప్రయాణికుడికి ఆ పాలసీ వర్తించదని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. ప్యాకేజీ (కాంప్రహెన్సివ్) పాలసీ అయితే కారులో ఉన్నవారికి కూడా రక్షణ ఉంటుంది. ఈ కారుకు అది లేదు కనుక కారు బీమా కంపెనీ చేతులు దులుపుకునేది, మేస్త్రీకి డిక్రీ వచ్చినా అది బావమరిది మీదనే మిగిలేది. అదే మేస్త్రీ బస్సుకు, లారీకి మాత్రం పూర్తిగా మూడో పక్షం. ఆ రెండు పాలసీలూ ఆయనకు వర్తిస్తాయి.

కారు యజమానిని కూడా ప్రతివాదిగా చేర్చాలని నేను చెప్పినప్పుడు మేస్త్రీ భార్య ముఖం మాడిపోయింది. “మా తమ్ముడి మీద కేసు వేస్తారా మేడమ్? ఆస్పత్రి బిల్లుకి అప్పు తెచ్చింది కూడా వాడే” అన్నారు. ఇది ప్రతి ఏడాదీ ఏదో ఒక రూపంలో నాకు ఎదురయ్యే సంకటమే. “అమ్మా, ఆయన్ను దోషి అనడానికి కాదు. ఆయన లేకపోతే మిగతా రెండు బీమా కంపెనీలూ తప్పంతా అక్కడ లేని కారు మీదకు తోసేస్తాయి” అని చెప్పాను. దానితోపాటు అంత హాయిగా లేని మాట కూడా చెప్పక తప్పలేదు: ట్రిబ్యునల్ కారు డ్రైవరుకు కూడా కొంత వాటా నిర్ణయిస్తే, మొత్తం చెల్లించిన కంపెనీ ఆ వాటాను తరువాత ఆయన దగ్గర వసూలు చేసుకునే హక్కు ఉంటుంది. ఈ మాట దాచిపెట్టి వకాల్తా మీద సంతకం తీసుకోవడం సరికాదని నా అభిప్రాయం. బావమరిదికి కూడా చేయి విరిగింది. ఆయన క్లెయిము నేను తీసుకోలేదు, వేరే న్యాయవాదిని చూసుకోమన్నాను. బంధువులు కదా అని ప్రయాణికుడికీ డ్రైవరుకూ ఒకే వకీలు నిలబడితే, క్రాస్ ఎగ్జామినేషన్ రోజున ఇద్దరిలో ఒకరికి నష్టం జరుగుతుంది.

ప్రయాణికుడి స్థానం చట్టంలో చాలా బలమైనది. ఇద్దరు ముగ్గురు డ్రైవర్ల నిర్లక్ష్యం కలిసి మూడో మనిషికి గాయం చేస్తే దానిని కాంపోజిట్ నెగ్లిజెన్స్ అంటారు. అలాంటప్పుడు మొత్తం పరిహారాన్ని వారిలో ఏ ఒక్కరి నుంచైనా రాబట్టుకోవచ్చని 2015లో ఖెన్యేయ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఎవరి వంతు ఎంత అన్నది వాళ్లలో వాళ్లు తేల్చుకోవలసిన లెక్క. డ్రైవరే క్లెయిము వేసినప్పుడు మాత్రం ఆయన సొంత నిర్లక్ష్యం మేరకు పరిహారంలో కోత పడుతుంది. కోయంబత్తూరులో హైవే మీద ముందు వెళుతున్న కారు హఠాత్తుగా ఆగడంతో దాన్ని ఢీకొని పడిపోయి, వెనుక బస్సు కింద పడి కాలు పోగొట్టుకున్న విద్యార్థి కేసులో, 2025లో సుప్రీంకోర్టు కారుకు 50 శాతం, బస్సుకు 30 శాతం, బైకు నడిపిన ఆ విద్యార్థికి 20 శాతం బాధ్యత నిర్ణయించింది. వెనుక నుంచి గుద్దినవాడిదే ఎప్పుడూ తప్పు అన్న రోడ్డు మీది న్యాయం కోర్టులో అన్నిసార్లూ నిలవదనడానికి ఇదొక ఉదాహరణ.

మరి ఎఫ్‌ఐఆర్‌కు, ఛార్జిషీటుకు విలువ లేదా? ఉంది, కానీ ట్రిబ్యునల్ వాటికి కట్టుబడి ఉండదు. క్రిమినల్ కేసులోలాగా సందేహానికి అతీతంగా రుజువు చేయనక్కరలేదు, ఏది ఎక్కువ నమ్మదగినదిగా ఉందో చూస్తే చాలు. మా కేసులో మాటల సాక్ష్యం కంటే ఎక్కువ పనిచేసింది మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు ఇచ్చిన తనిఖీ నివేదిక. ఒక్కో వాహనానికి ఒక్కో షీటు. లారీ షీటులో వెనుక బంపరు కొద్దిగా వంగిందని, వెనుక లైట్లు పనిచేయడం లేదని ఉంది. కారు షీటులో డిక్కీ వెనుక సీటు దాకా నలిగిందని, బస్సు షీటులో ముందు అద్దం, గ్రిల్లు ధ్వంసమయ్యాయని ఉంది. ఈ మూడు షీట్లనూ సంఘటనా స్థలం పంచనామాలోని రఫ్ స్కెచ్ పక్కన పెడితే, కారును లారీ కిందికి తోసింది బస్సేనని విడిగా వాదించవలసిన పని లేకపోయింది. టోల్ ప్లాజా కెమెరాల ఫుటేజీ కోసం మొదటి వారంలోనే రాతపూర్వకంగా అడగడం మంచిది, పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కిపోతుంది.

గడువు విషయంలో అజాగ్రత్త పనికిరాదు. 2022 ఏప్రిల్ 1 నుంచి, ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు పిటిషను వేయాలన్న నిబంధన మళ్లీ అమలులోకి వచ్చింది. దానిని సవాలు చేసిన పిటిషన్లు సుప్రీంకోర్టు ముందుండగా, ఆలస్యమన్న కారణంతో క్లెయిములు కొట్టివేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. అయినా నా దగ్గరకు వచ్చేవారికి ఆరు నెలలనే చెబుతాను. ప్రమాదం నల్లగొండ జిల్లాలో జరిగినా, క్లెయిమెంటు నివాసం ఇక్కడే కాబట్టి హైదరాబాదులోని ట్రిబ్యునల్లోనే పిటిషను వేయవచ్చు.

పరిహారం లెక్క దగ్గర అసలు పోరాటం మొదలవుతుంది. మెడికల్ బోర్డు మేస్త్రీకి 30 శాతం వైకల్యం అని ధ్రువపత్రం ఇచ్చింది. బీమా కంపెనీ వాదన ప్రకారం సంపాదన నష్టం కూడా 30 శాతమే. కానీ శరీరంలో వైకల్యం వేరు, సంపాదించే శక్తిలో నష్టం వేరు అని 2010లో సుప్రీంకోర్టు రాజ్ కుమార్ తీర్పులో చెప్పింది. చేయి పోయిన గుమాస్తా ఉద్యోగం నిలవవచ్చు, అదే డ్రైవరుకో వడ్రంగికో దాదాపు పూర్తి జీవనాధారమే పోతుంది. టైల్స్ పని అంటే రోజంతా గొంతుకూర్చుని చేసేది. మోకాలు పూర్తిగా వంగని మనిషి ఆ పని ఎలా చేస్తాడు? ధ్రువపత్రం ఇచ్చిన డాక్టరును బోనులోకి పిలిచి ఈ ఒక్క ప్రశ్నే అడిగాను. కాగితం దాఖలు చేసి డాక్టరును పిలవకుండా వదిలేయడం ఈ కేసుల్లో తరచూ జరిగే పొరపాటు.

అంకెల్లో ఈ తేడా ఎంతో చూడండి. నెలకు 18,000 రూపాయల ఆదాయం, వయసు 38. ఏడాదికి 2,16,000, సుప్రీంకోర్టు ప్రణయ్ సేథీ తీర్పు ప్రకారం నలభై లోపు వయసున్న స్వయం ఉపాధి వారికి భవిష్యత్ ఆదాయం కింద 40 శాతం కలిపితే 3,02,400, సుప్రీంకోర్టు సరళా వర్మ తీర్పులోని పట్టికలో ఆ వయసుకు మల్టిప్లయరు (ఏడాది ఆదాయాన్ని ఎన్ని రెట్లు చేయాలన్న అంకె) 15, కనుక 45,36,000. అందులో 30 శాతం అంటే 13,60,800 రూపాయలు. సంపాదన నష్టం 60 శాతంగా తీసుకుంటే 27,21,600. ఆస్పత్రి ఖర్చులు, నొప్పికీ బాధకూ ఇచ్చేది, సహాయకుడి ఖర్చు, వడ్డీ వేరు. ఇక ఆ 18,000కు రుజువేమిటి? జీతం స్లిప్పు లేని మనిషి కాబట్టి కాంట్రాక్టరు సాక్ష్యం, భవన నిర్మాణ కార్మికుల కార్డు, ఫోన్‌పేలో పడిన కూలి జమలు దాఖలు చేశాం. ఈ రోజుల్లో చేతిరాత రశీదు కంటే ఫోన్‌పే జాబితాకు జడ్జిగారు ఎక్కువ విలువ ఇస్తున్నారు.

బీమా కంపెనీల తరఫు వాదనలు పెద్దగా మారవు: లైసెన్సు, పర్మిటు, ఫిట్‌నెస్. షరతు ఉల్లంఘన తేలినా చాలా సందర్భాల్లో ముందు బాధితుడికి చెల్లించి తరువాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునల్ ఆదేశిస్తుంది. ప్రమాదంలో ఆర్టీసీ సొంత బస్సు ఉంటే మాత్రం బీమా కంపెనీ బదులు సంస్థే నేరుగా ప్రతివాది కావడం మామూలు.

ఆస్పత్రి వరండాల్లో తిరుగుతూ, వచ్చినదాంట్లో ఇంత శాతం అని మాట్లాడే మధ్యవర్తుల గురించి ఒక్క మాట. క్లెయిము సొమ్ములో వాటా మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు న్యాయవాదులకు నిషేధించాయి. అలా అడిగేవారికి ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టవద్దు.

మేస్త్రీ కేసులో, లోక్ అదాలత్‌లో బస్సు బీమా కంపెనీ ఒక మొత్తం ఇవ్వజూపింది. లోక్ అదాలత్ అవార్డు (తీర్పు) మీద అప్పీలు ఉండదు. లారీ బీమా కంపెనీ ఇంకా పైసా ఒప్పుకోని దశలో, డాక్టరు సాక్ష్యం కూడా పూర్తికాకముందే రాజీ పడడం తొందరపాటు అవుతుందని చెప్పాను, వాళ్లు విన్నారు. చివరకు ట్రిబ్యునల్ లారీకి, బస్సుకు సగం సగం బాధ్యత వేసి, కారు మీద క్లెయిమును కొట్టివేసింది. సంపాదన నష్టం 50 శాతంగా తీసుకుంది. అవార్డు మొత్తాన్ని బస్సు బీమా కంపెనీ నుంచే కోరుతూ, దాన్ని అమలు చేయించే ఎగ్జిక్యూషన్ పిటిషను వేశాం. డిపాజిట్ అయిన సొమ్ములో కొంత మేస్త్రీ ఖాతాకు వచ్చింది, మిగతాది ట్రిబ్యునల్ ఆదేశం ప్రకారం ఆయన పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంది. లారీ కంపెనీ ఇవ్వాల్సిన సగం కోసం బస్సు కంపెనీ దాని వెంట పడుతోంది.