మా ఊరి కవిలె కోసం లండన్ దాకా

మా జేజినాయన బతికున్నన్నాళ్లూ ఒక మాట అంటుండేవాడు. "మన ఊరి కవిలె దొర ఎత్తకపొయినాడు రా." కవిలె అంటే ఊరి లెక్కలు చూసే కరణం దగ్గరుండే పాత లెక్కల పుస్తకం. ఏ దొర, ఎప్పుడు, ఎందుకు అని అడిగితే ఆయనకూ తెలీదు. వాళ్ల నాయన చెప్పిన మాట, అంతే. మాది సిద్ధవటం దగ్గర, పెన్నేటి గట్టున చిన్న పల్లె. లండన్‌లో ఉద్యోగానికి బయల్దేరేటప్పుడు మా నాయన, "పోతాండావు గదా, ఆ కవిలె యాడుందో చూసిరా" అని నవ్వాడు. ఆయన తమాషాకే అన్నాడు. నాకు మాత్రం అది మనసులో పడిపోయింది.

దొర ఎవరో కనుక్కోవడం పెద్ద కష్టం కాలేదు. కాలిన్ మెకంజీ. స్కాట్లండ్ పక్కన లూయిస్ దీవిలో 1754లో పుట్టాడు, 1783లో మద్రాసు వచ్చాడు, 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1800లో నిజాం మా సీమను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాక, 1809 నుంచి 1815 దాకా ఈయన మనుషులు ఇక్కడ సర్వే చేశారు. నేల కొలిచేవాళ్లు కొలుస్తుంటే, ఇంకో జట్టు గుమాస్తాలు ఊరూరా తిరిగి చరిత్ర రాసుకున్నారు. ఊరు ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, మాన్యాలు ఎవరివి, ఏ రాజు తర్వాత ఏ రాజు వచ్చాడు, అన్నీ. కరణాల దగ్గరున్న కవిలెలు చూసి, ముసలివాళ్లని అడిగి రాసిన ఆ రాతలే కైఫీయతులు. ఇందులో తమాషా ఏమిటంటే మెకంజీకి తెలుగు రాదు, మరే దేశభాషా రాదు. పనంతా నడిపించింది ఏలూరు వైపు నుంచి వచ్చిన కావలి సోదరులు. మొదట వెంకట బొర్రయ్య. 1803లో చిన్న వయసులోనే ఆయన పోయాక, తమ్ముడు వెంకట లక్ష్మయ్య.

మెకంజీ కాగితాలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయని చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేనుండే హౌన్‌స్లో నుంచి పికడిల్లీ లైనెక్కితే రైలు మారే పని లేకుండా కింగ్స్ క్రాస్‌లో దిగొచ్చు. అక్కడి నుంచి నడక. జేజినాయన కవిలె ఇంత దగ్గరలో పెట్టుకుని ఇన్నాళ్లూ వారాంతాల్లో బిర్యానీలు వండుకుంటూ కూర్చున్నానా అనిపించింది.

మొదటి శనివారం వెళ్లి వెనక్కి వచ్చాను. తప్పు నాదే. అక్కడి రీడింగ్ రూముల్లో పాత కాగితాలు చూడాలంటే రీడర్ పాస్ కావాలి. డబ్బులేమీ కట్టనక్కర్లేదు గానీ రెండు రుజువులు చూపించాలి: ఒకటి సంతకానికి, ఒకటి ఇంటి అడ్రసుకి. పాస్‌పోర్టు ఉంది. అడ్రసుకి కరెంటు బిల్లు తీసుకెళ్లాను. ముగ్గురం కలిసుండే ఇల్లు, బిల్లేమో రూమ్మేటు పేరు మీద! కౌంటర్‌లో ఉన్నావిడ మర్యాదగానే చూసి, మర్యాదగానే తిప్పి ఇచ్చేసింది. వారం తర్వాత బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకెళ్తే పాస్ చేతికొచ్చింది. మీరెవరైనా వెళ్తే మీ పేరు మీదే ఉన్న కాగితం తీసుకెళ్లండి. చూడదల్చుకున్న సంపుటాల నంబర్లు ముందే కేటలాగులో వెతికి రాసుకోండి. నేను ఈ రెండో పని కూడా చేయలేదు.

కేటలాగుతో వచ్చిన చిక్కేమిటంటే మన ఊళ్ల పేర్లు. కంపెనీ వాళ్లు చెవికి ఎలా వినపడితే అలా రాశారు. కడప వాళ్ల రాతలో 'కుడ్డపా', సిద్ధవటం 'సిధౌట్'. ఒకే ఊరికి మూడు స్పెల్లింగులు కూడా దొరుకుతాయి. నేను ఇప్పటి స్పెల్లింగుతో గంటసేపు వెతికి, ఏమీ లేదని నీరుగారిపోయాను. తర్వాత కళ్లు మూసుకుని, తెలుగు రాని దొర మా ఊరి పేరు ఎలా పలుకుతాడా అని నోటితో అనుకుని ఆ అక్షరాలు కొట్టడం మొదలుపెట్టాను. పక్క సీటాయన విచిత్రంగా చూశాడు. మా ఊరు తగల్లేదు గానీ 'సిధౌట్' తగిలింది. టెన్షన్ కాస్త తగ్గింది.

లోపలికి వెళ్లేటప్పుడు బ్యాగు, కోటు, గొడుగు, నీళ్ల సీసా, పెన్ను అన్నీ కింద లాకర్‌లో పెట్టాలి. ల్యాప్‌టాప్, ఫోన్, నోటు పుస్తకం, పెన్సిలు మాత్రం లోపల ఏముందో కనపడే ప్లాస్టిక్ సంచిలో వేసుకుని పోవచ్చు. పెన్సిలు ఎందుకంటే సిరా పడితే పోదు. మూడో అంతస్తులో ఆసియా, ఆఫ్రికా విభాగం రీడింగ్ రూము. ఐదో తరగతి తర్వాత పెన్సిలు పట్టుకుని పరీక్షకి కూర్చున్నట్టు అక్కడ కూర్చున్నాను. పాత కాగితాలంటే సినిమాల్లో లాగా తెల్ల గ్లౌజులు ఇస్తారనుకున్నా. ఇవ్వరు. శుభ్రంగా కడుక్కుని, తడి ఆరిన చేతులు చాలంటారు. గ్లౌజు వేసుకుంటే వేలికి స్పర్శ తెలీక కాగితం చిరిగే ప్రమాదం ఎక్కువట. అడిగిన సంపుటం రావడానికి గంట పైనే పట్టింది. దాన్ని బల్ల మీద బార్లా తెరిచి పరవకూడదు, స్పాంజి దిమ్మెల మధ్య సగం తెరిచి ఆనించాలి. పేజీ లేచిపోకుండా గుడ్డ తొడిగిన పూసల తాడు లాంటిది అడ్డంగా వేస్తారు. చూడ్డానికి అచ్చం మా అవ్వ దిష్టికి కట్టే తాడు.

తెరిచాను. గోధుమ రంగుకి తిరిగిపోయిన సిరా, కుడివైపుకి వాలిన ఇంగ్లీషు అక్షరాలు. పేజీ వెనక రాత ముందుకి కనిపిస్తోంది. నాలుగు లైన్లు చదవడానికి పావుగంట పట్టింది. అరగంటయ్యాక ఆ చేతిరాత అలవాటైంది. అప్పుడర్థమైంది, ఇవి కైఫీయతులు కావు. కొన్ని తెలుగు కాగితాలకి ఇంగ్లీషు తర్జుమాలు, కొన్ని ఊళ్లు తిరిగిన గుమాస్తాలు పైవాళ్లకి పంపుకున్న రిపోర్టులకి తర్జుమాలు. తెలుగు సీమల్లో తిరిగిన నారాయణరావు అనే ఆయన రిపోర్టులు వీటిలో ముఖ్యమైనవి. నిజం చెప్పాలంటే నా పని వదిలేసి ఆ శనివారమంతా రిపోర్టులే చదివాను. ఫలానా ఊరు వచ్చాను, కరణాన్ని అడిగాను, రేపిస్తానన్నాడు. మళ్లీ అడిగాను, వెతుకుతున్నానన్నాడు. ఇదీ వాటి ధోరణి. కరణాల భయం కరణాలది. ఊరి లెక్కలు కంపెనీ చేతికిస్తే పన్ను పెంచుతారని, మాన్యాలు లాగేస్తారని. ఆ భయం తప్పనీ అనలేం. రెండొందల ఏళ్ల కిందటి గుమాస్తా ఆఫీసుల చుట్టూ కాదు, కరణాల ఇళ్ల చుట్టూ తిరిగాడు, అంతే తేడా. మా పొలం పాసుబుక్కు కోసం నాయన తిరిగిన తిరుగుడు గుర్తొచ్చి ఆ నిశ్శబ్దంలో నవ్వు ఆపుకోలేకపోయాను.

ఇదే లైబ్రరీ దగ్గర మెకంజీ పటం ఒకటి ఉంది, థామస్ హికీ 1816లో వేసింది. మధ్యలో ఎర్ర కోటు దొర, చుట్టూ ముగ్గురు మనవాళ్లు. జైన పండితుడు ధర్మయ్య, కావలి లక్ష్మయ్య, దుర్భిణి పట్టుకున్న బంట్రోతు కిష్ణాజీ. బంట్రోతు పేరు కూడా మిగలడం నాకు నచ్చింది. నచ్చనిది ఆ తర్వాతి కథ. మెకంజీ 1821లో చనిపోయాడు. లక్ష్మయ్య ఆ పని తాను కొనసాగిస్తానని అర్జీ పెట్టుకున్నాడు. 1836లో ఆసియాటిక్ సొసైటీ అనే పండిత సంఘం వాళ్లు ఈ పనికి స్వదేశీయుడు చాలడని తేల్చేశారు. ఆ సంగతి చదివాక మాత్రం కడుపు మండింది. పాతికేళ్లకు పైగా ఆ పని చేసినవాడికి ఆ పని రాదని చెప్పడం!

మూడో శనివారానికి నా దగ్గర పదిహేను పేజీల పెన్సిలు రాతలు పోగయ్యాయి. మా ఊరు మాత్రం లేదు. చివరికి డెస్కు దగ్గరున్న పెద్దాయన్ని అడిగాను. మొదటి రోజే అడగాల్సింది, మొహమాటం. ఆయన విషయం విడమరిచి చెప్పాడు. మెకంజీ పోయాక ఆయన భార్య దగ్గర కంపెనీ ఈ సేకరణ మొత్తాన్ని లక్ష రూపాయలకి కొన్నది. తర్వాత అది ముక్కలైంది. పటాలు, బొమ్మలు, ఇంగ్లీషు కాగితాలు లండన్ దారి పట్టాయి. తెలుగు, తమిళం, కన్నడం లాంటి దక్షిణాది భాషల రాతలు 1828లో మద్రాసుకి వెళ్లిపోయాయి. అవి ఇప్పుడు చెన్నైలో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. అంటే దొర ఎత్తుకెళ్లాడని మేం అనుకుంటున్న తెలుగు రాత లండన్‌లో అడుగే పెట్టలేదన్నమాట. తర్జుమా అయినవాటి తర్జుమా ఇక్కడుంది. తర్జుమా కాని ఊళ్లకి ఇక్కడ ఏమీ లేదు. మా ఊరు ఆ రెండో రకం.

ఆ రాత్రి నాయనకి ఫోన్ చేసి, ఈసారి సంక్రాంతికి వచ్చినప్పుడు చెన్నై పోదాం అన్నాను.

"ఏమ్రా, అది కడపలో ఉండాది గదా."

"ఏది నాయనా?"

"అదే, నువ్వు చెప్తాండే కైఫీయతులు. ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ దొర బంగళా స్థలంలో లైబ్రరీ కట్టినారు సూడు. అక్కడ పుస్తకాలేసినారంట. మన సుబ్బన్న మామ చెప్పినాడు."

నాకు మాట రాలేదు. నిజమే. సి.పి. బ్రౌన్ కడపలో ఉన్నప్పుడు సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకుని గ్రంథాలు రాయించిన చోటనే సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. మద్రాసులో శిథిలమైపోతున్న మెకంజీ స్థానిక చరిత్రల్ని తిరగరాయించిందీ ఆ బ్రౌనే. కడప జిల్లా కైఫీయతుల్ని సంపుటాలుగా అచ్చు వేసిందీ ఆ కేంద్రమే. మా ఊరి నుంచి కడపకి బస్సుంది. నేను మూడు శనివారాలు రైలెక్కి పెన్సిలుతో కుస్తీ పట్టాను.

రెండు రోజులకి నాయన అక్కడి నుంచే వీడియో కాల్ చేశాడు. కళ్లజోడు ముక్కు చివరికి జారి ఉంది. పుస్తకం వెనక ఊళ్ల పట్టికలో మా ఊరి పేరు లేదు. "లేదులే నాయనా, ఇంక వదిలేయ్" అన్నాను. ఆయన నా మాట విననట్టే పేజీలు తిప్పుతున్నాడు. "ఉండు. మన ఊరు అప్పుట్లో ఊరు కాదు రా. పైనున్న పెద్దూరికి మజరా. పెద్దూరి కింద సూడాల" అన్నాడు. పెద్ద ఊరి అగ్రహారం, గుడి, మట్లి రాజుల కాలంలో తవ్విన చెరువు, ఎవరెవరి మాన్యం ఎంత, ఇవన్నీ దాటుకుంటూ వేలు కిందికి దిగింది. శాలివాహన శకం 1732, ప్రమోదూత సంవత్సరం. దానికి 78 కలిపితే 1810. గుమాస్తాలు మా వైపు తిరిగిన రోజులే. చివర్లో ఆ ఊరి మజరాల వరస. అందులో ఐదోది మాది. 'మజరే' అని, పక్కన మా ఊరి పేరు. అంతే. ఒక్క లైను కూడా నిండలేదు.

నేను ఫోన్‌లో దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకున్నాను. నాయన మాత్రం ఇంకా ఆ పేజీనే చూస్తున్నాడు.

"ఇందులో కరణం కవిలె సూసి రాసినట్టుండాది రా. దొర ఎత్తకపోలా. రాసకపొయినాడు" అన్నాడు.

"అవును నాయనా."

"మరి కవిలె ఏమాయె?"

నా దగ్గర జవాబు లేదు. 1984లో కరణాల పని పోయింది గానీ, పెద్దూళ్లో ఆ కరణం వాళ్ల ఇల్లు ఇప్పటికీ ఉంది. అటక మీద చెక్కపెట్టెలు ఉండేవని నాయన చిన్నప్పుడు చూశాడట. ఫోన్ పెట్టేసే ముందు, "ఆదివారం పోయి అడుగుతా. ఊరికే పోతే ఇయ్యరు, రెండు కిలోలు మామిడిపండ్లు తీసుకపోవాల" అన్నాడు.